డిచ్‌పల్లి డాక్టరమ్మ – శ్రీమతి ఇసబెల్ కెర్ గారి జీవితము

నిజామాబాదు నుండి హైదరాబాదు దారిలో సుమారు 15 కిలోమీటర్లు వచ్చినచో డిచ్‌పల్లి. మా చిన్నతనమున బోధన్ వైపు చెరకు పల్లెలలో ఎవరి ఒంటిమీదనైనను స్పర్శలేని మచ్చ కనబడినచో, పెద్దలు గొంతు తగ్గించి, డిచ్‌పల్లికి తీసికొని పొమ్మనెడివారు. రోగము పేరు పలికెడివారు కారు. పెద్దరోగమని మాత్రము అనెడివారు. ఊరి పేరు చెప్పిన చాలును, సంగతి అర్థమయ్యెడిది. ఆ స్థలమునకు అంతటి పేరు తెచ్చిన స్త్రీని గూర్చి మన యౌవనస్థులకు తెలిసినది తక్కువ గనుక, ఈ శతజయంతి సంచికలో ఆమె జీవితమును వ్రాయ తలంచితిమి.

ఇసబెల్ గారు 1875 మే 30న స్కాట్లాండు దేశములో ఒక రైతు ఇంట జన్మించిరి. అక్కడి విశ్వవిద్యాలయములు స్త్రీలకు తలుపులు తెరచినది 1892లో మాత్రమే. ఆమె అబర్డీన్‌లో చదివి 1903లో వైద్యపట్టము పొంది, ఆ యేడే రెవరెండ్ జార్జి కెర్ గారిని వివాహమాడిరి. 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున దంపతులిద్దరును నైజాము రాష్ట్రమునకు వచ్చిరి.

నిజామాబాదులో వైద్యము చేయుచుండగా కుష్ఠరోగులు ఆమె యొద్దకు రాసాగిరి. వారికి ఆ రాష్ట్రమున ఒక గూడైనను లేదు. 1911లో నిజామాబాదులోనే చిన్న ఆశ్రయము తెరచిరి గాని, వచ్చువారికి అది చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ గారు అను హిందూ ప్రభువు పెద్ద విరాళమిచ్చిరి. దాని సహాయమున 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠరోగుల ఆసుపత్రి ఆరంభమైనది. ఇటువంటి సంచికలలో దాతల పట్టికలు వేయుట వాడుక. నిజామాబాదు జిల్లాకు పట్టిక వేసినచో ఆ పేరు మొదట ఉండవలెనని మా అభిప్రాయము.

మొదటి సంవత్సరములలో వైద్యురాలు చేయగలిగినది కొంచెమే. పుండ్లు కడిగి కట్టుకట్టుట, అన్నము పెట్టుట, నీడ ఇచ్చుట. చాల్‌మూగ్రా జాతి గింజల నూనె పూర్వమునుండి మందుగా వాడుకలో ఉండెను గాని, త్రాగినచో వాంతులగుటచేత ఎక్కువ కాలము పుచ్చుకొనగలవారు అరుదు. తరువాత సర్ లియొనార్డ్ రోజర్స్, డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ గార్లు కలకత్తాలో పరిశోధనలు చేసి, ఆ నూనెను సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిపరచిరి. మన దేశములో దానిని తొలుత చేపట్టినవారిలో కెర్ అమ్మగారు ఒకరు. సూది నొప్పి కలిగించును. నెలల తరబడి, ఒక్కొక్కరికి ఏండ్ల తరబడి వేయించుకొనవలెను. మ్యూర్ గారి పద్ధతిలో సూది యొక్కటే చాలదు. మంచి తిండి, శరీరశ్రమ, రోగికున్న ఇతర జబ్బులకు ముందుగా చికిత్స, ఇవన్నియు అందులోని భాగములే.

ఈ మందు తొలిదశలోని వారికే బాగుగా పనిచేసెను. వైద్యధర్మమునకు పరీక్ష ఇక్కడనే వచ్చినదని మేము తలంచుచున్నాము. వేళ్లు పోయి, ముఖము మారి, ఊరు వెళ్లగొట్టిన తరువాత వచ్చినవానికి ఆశ్రయమీయవచ్చును గాని, పోయిన వేళ్లు తిరిగి తేలేము. ఒక్క మచ్చతో ఉన్నవాడు రావలెను. అతడేమో దాచును, ఎవరైన చూచుదురేమోనని చొక్కా విప్పడు. అతడు రావలెనన్నచో, ఆ గడపలో తనను మనిషిగా చూతురను నమ్మకము ముందుగా కలుగవలెను. మన ప్రభువు పదిమంది కుష్ఠరోగులను ముట్టకుండగనే బాగుచేసెను, అనగా ముట్టనవసరము ఆయనకు లేదు. అయినను మరియొక కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టెను. వేదాంత కళాశాలలో మేము ఈ భేదమును చదివితిమి గాని, డిచ్‌పల్లి చరిత్ర తెలిసికొనువరకు దాని భావము మాకు పట్టలేదు.

ఇక్కడ మా తప్పొకటి చెప్పవలెను. కొన్ని ఏండ్ల క్రిందట మా సంఘములో ఒక సహోదరి రొమ్ములోని గడ్డను ఎనిమిది నెలలు దాచెను. ఇంటివారికి తెలిసిన పిమ్మటను బయటికి చెప్పలేదు. ఆదివారమున మేమును క్యాన్సరు అను మాట ఎత్తక, అనారోగ్యము అని మాత్రము పలికి ప్రార్థించితిమి. అది మర్యాద అనుకొంటిమి. ఇంత ఆలస్యమేల చేసితిరని సర్జనుగారు అడిగినప్పుడు ఆమె భర్త మా ముఖము చూచెను. మేము తల వంచుకొంటిమి. పెద్దరోగమని గొంతు తగ్గించిన మా పెద్దలకును మాకును భేదమేమి?

1923లో ప్రభుత్వము కెర్ దంపతులిద్దరికిని కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1932 జనవరి 12న ఆమె డిచ్‌పల్లిలోనే అకస్మాత్తుగా ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆమె వయస్సు 56 సంవత్సరములు. భర్తగారు ఆ పనిని కొనసాగించిరి.

ఆమె నమ్మిన నూనె మందు నేడు వాడుకలో లేదు. 1940 తరువాత డాప్సోన్ వచ్చి దానిని వెనుకకు నెట్టెను. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో గారే, తరువాత నైజీరియాలో ఉండి, డాప్సోన్‌ను మాత్రల రూపమున ఇయ్యవచ్చునని చూపినవారిలో ముఖ్యులు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసెను. నేడు రోగి స్థితినిబట్టి ఆరు నెలలు గాని పండ్రెండు నెలలు గాని ఆ మందులు వాడినచో రోగము నయమగును. ప్రభుత్వ ఆసుపత్రులలో వాటికి ధర లేదు. అయితే చట్టము అంత త్వరగా కదలలేదు. మన క్రైస్తవ విడాకుల చట్టములో కుష్ఠరోగము భార్యనైనను భర్తనైనను విడిచిపెట్టుటకు తగిన కారణముగా 2019 వరకు నిలిచియుండెను. ఆ యేడు పార్లమెంటు దానిని కొట్టివేసెను. అప్పటికి డాక్టరమ్మ పోయి 87 సంవత్సరములైనది.