గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు: తరగతి దక్కని ఉపాధ్యాయుడు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, కుతుబ్‌షాహీల కాలపు సరాయి నేటికిని నిలిచియున్న షేక్‌పేట ప్రాంతమున, జూబిలీ హిల్సను రాతిగుట్టలమీద రెండు వ్యవసాయములు సాగుచున్నవి. ఒకటి తెలుగు చలనచిత్రములది. దానిని గూర్చి పాఠకులకు మేము చెప్పవలసినది లేదు. రెండవది అంతగా కంటబడనిది. అది సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1982లో స్థాపితమై, 1991లో అంబేద్కరు మహాశయుని నామమును ధరించిన యీ విద్యాలయము బడిచదువు పూర్తికానివారికి సయితము అర్హతపరీక్ష పెట్టి పట్టమునకు దారి తెరచినది. రాజనీతిని, అర్థశాస్త్రమును తెలుగుననే చదివి పరీక్ష నిచ్చుట యిచ్చట నేడు వింతగాదు. కాని యీ రెండు శాస్త్రములను తెలుగున చెప్పవచ్చునని దేశమునకు నమ్మిక కలుగుటకు ముందు ఇదే నగరమున కొందరు పూనుకొనవలసి వచ్చెను. వారి తొలి గ్రంథమును వ్రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఆ గ్రంథము అమెరికా అధ్యక్షుని చరిత్ర. హైస్కూలు పిల్లలకు పాఠము చెప్పుకొని బ్రతుకదలచిన యీయనను ప్రభుత్వము బడి గడప త్రొక్కనీయలేదు.

ఆయన 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలున జన్మించిరి. దత్తమండలములు కరవునకును, నల్లరేగడి నేలకును పేరుగన్నవి. పేదరికముననే చదువు సాగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలయందు 1906లో ఎం. ఏ. పట్టమొందిరి. ఆ దినములలో ఎం. ఏ. అయినవానికి సర్కారు కొలువు చేతికందిన పండు. ఆయన మాత్రము ఉపాధ్యాయవృత్తిని కోరి రాజమహేంద్రవరమున శిక్షణ కళాశాలయందు చేరిరి.

ఆ 1906వ సంవత్సరముననే హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసెను. మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారు దానికి ప్రాణము. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు అండ. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును రెసిడెన్సీ బజారున నెలకొల్పినవారును వీరే. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ, సర్కారు జిల్లాలలో ఉన్నతవిద్య ఇంగ్లీషు. చరిత్ర, ప్రకృతిశాస్త్రము, ధనశాస్త్రము తెలుగున చదువదలచినవానికి పుస్తకమే కరవు. కావ్యములకును శతకములకును కొదవలేని భాషలో ప్రభుత్వమనగా నేమి, పన్ను ఎవడు విధించును, ఎవని సమ్మతితో విధించును అను ముచ్చట చెప్పు గ్రంథము లేకుండెను. ఆ లోటు తీర్చ నెంచిన మండలివారు తమ గ్రంథమాలకు మొదటి పూసగా 1907లో అబ్రహాము లింకను చరిత్రను ప్రకటించిరి.

మొదటి పుస్తకమునకు రామాయణ భారత వీరులుండగా, మన రాజులుండగా, అమెరికా వాడేల యని కొందరు ముక్కున వ్రేలు వేసికొనియుందురు. మా అభిప్రాయమున ఇంతకంటె తెలివైన ఎన్నిక లేదు. లింకను కథ చెప్పబూనిన యెవ్వడైనను అమెరికా ప్రభుత్వయంత్రమును విప్పి చూపక కథ నడుపజాలడు. 1860 ఎన్నికలో నలుగురు పోటీచేసిరి. లింకనునకు పడిన వోట్లు నూటికి నలువదికి లోపలనే. అయినను ఆయన అధ్యక్షుడయ్యెను. ఏలయన, అచ్చట అధ్యక్షు నెన్నుకొనునది నేరుగా ప్రజల వోట్లు కావు. ఒక్కొక్క రాష్ట్రమునకు లెక్కప్రకారము నిర్ణయింపబడిన నిర్వాచకుల వోట్లు. అట్టివి మొత్తము 303 కాగా ఆయనకు 180 వచ్చెను. దక్షిణ రాష్ట్రములు పదునొకండు తెగిపోయి వేరు ప్రభుత్వ మేర్పఱచుకొనెను. రాష్ట్రమునకు ఆ హక్కు కలదా? కేంద్రమున కెంత, రాష్ట్రమునకెంత? యుద్ధమంతయు ఈ ప్రశ్నమీదనే నడచెను.

మఱియొక ముడి. 1863 జనవరి 1వ తేదీన అధ్యక్షుడు దాస్యవిమోచన ప్రకటన మొనర్చెను. అది తిరుగుబాటు చేసిన ప్రాంతములకు మాత్రమే వర్తించెను; సైన్యాధిపతిగా, యుద్ధసాధనముగా మాత్రమే ఆయన దానిని చేయగలిగెను. దేశమంతట బానిసత్వమును మాన్పవలెనన్న అధ్యక్షుని సంతకము చాలదు. శాసనసభలు రెండింటను మూడింట రెండు వంతుల సమ్మతియు, పిదప రాష్ట్రములలో నాల్గింట మూడు వంతుల సమ్మతియు కావలెను. ఆ పదుమూడవ సవరణ 1865 డిసెంబరున పూర్తియగునప్పటికి లింకను హతుడై ఎనిమిది నెలలు. ఎంత గొప్పవాడైనను చట్టమునకు లోబడవలసినదే యను సంగతి పిల్లవానికి తెలియుటకు ఇంతకన్న మంచి కథ యేది? దీనిని చదివిన 1907 నాటి మన విద్యార్థి తన మద్రాసు శాసనసభవైపు కన్నెత్తి చూచినచో నేమి కనబడును? 1892 చట్టము ప్రకారము సభ్యులు ఆదాయవ్యయముల లెక్కను చర్చింపవచ్చును గాని దానిపై వోటు వేయరాదు. శిస్తు కట్టువాడు నూటికి నూరుపాళ్లు ఇచ్చటివాడు. దానిని వ్యయపఱచువాడు వాని నడుగడు. గ్రంథకర్త ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు, చదువరి తానే కూడిక వేసికొనును.

ధనశాస్త్రమునకును ఈ కథయే వాకిలి. దక్షిణ రాష్ట్రముల ఐశ్వర్యము ప్రత్తి; ఆ ప్రత్తి పండించినవారు నలుబది లక్షల బానిసలు. ఉత్తర నౌకలు రేవులను మూసివేయగా లాంకషైరు మిల్లులు దూదిలేక నిలిచిపోయెను. ఇంగ్లీషువారు హిందూదేశపు దూదికై ఎగబడిరి. బొంబాయి వర్తకులు కుబేరులైరి. నల్లరేగడి పొలములలోని ప్రత్తికిని మున్నెన్నడు నెఱుగని ధర పలికెను. 1865లో యుద్ధము ముగిసిన వెంటనే ధర కూలెను, దానిని నమ్మి అప్పులు చేసినవారును కూలిరి. కర్నూలు రైతు తన యెకరమున కెంత వచ్చునో రిచ్మండు నగరము పడుటనుబట్టి తేలెనన్నమాట. గిరాకి, సరఫరా అను మాటలను బల్లమీద సుద్దతో వ్రాసి వల్లె వేయించుటకంటె ఈ ముచ్చట నొకసారి చెప్పుట మేలు. నేటి పౌరశాస్త్ర పాఠములలో అధికరణముల సంఖ్యలు కంఠస్థము చేయించు పంతుళ్లు దీనిని ఆలోచింపవలెను. తరువాత కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము ఆ మాలయందే వెలువడి, శాస్త్రమును శాస్త్రముగా చెప్పెను. కథకు వెనుక శాస్త్రము రావలసిన వరుస అది.

ఆ 1907 ఏప్రిలుననే బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. ఆయన యుపన్యాసములతో ఊరు పొంగెను. విద్యార్థులు వందేమాతర పతకములను రొమ్మున ధరించి కళాశాలకు పోయిరి. ప్రిన్సిపాలు హంటరు వానిని తీసివేయుమనెను, వారు తీయరైరి. హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులై, సర్కారు కొలువునకు అనర్హులైరి. ఒక గుడ్డ పతకము వెల ఒక జీవనాధారము! చదువు చెప్పుటకే పుట్టినవానికి ఇక తరగతి లేదు.

ఆయన బెజవాడకు పోయి 1908లో స్వరాజ్య యను పత్రికను నడపిరి. తిరునల్వేలిలో జనులపై జరిగిన కాల్పులను గూర్చి అందు వెలువడిన వ్యాసమునకై రాజద్రోహ నేరము మోపి ఆయనకు మూడేండ్లు కారాగారము విధించిరి. ఆ వ్యాసపు భాష కటువైనదే. కాని కాల్పులలో ప్రాణములు పోయిన సంగతికి మెత్తని భాష యెచ్చట దొరకును? వెల్లూరు చెఱసాలలో సామాన్యపు నేరస్థులతో కలిపి ఆయనను ఉంచిరి. విడుదలయై వచ్చినప్పుడు పలుకరించుటకు సయితము జనులు జంకిరి. మునుపు సభలలో చప్పట్లు కొట్టిన పెద్దమనుష్యులే వీథి మార్చి నడచిరి. చేరదీసినది లక్ష్మణరావు పంతులుగారు. మండలి అప్పటికి మద్రాసు చేరియుండెను. ఆంధ్ర విజ్ఞానసర్వస్వము పనిలో పంతులుగారు ఆయనకు చోటు కల్పించిరి. జైలునుండి వచ్చినవానికి అన్నముతోబాటు పనికూడ పెట్టుట ఆ కాలమున ఎంత సాహసమో నేటివారికి తెలియదు.

పిమ్మట ఆయన ఆంధ్రపత్రికయందు పనిచేసిరి. హోంరూలు ఉద్యమమున తిరిగిరి. మద్రాసు శాసనసభలో కొంతకాలము కూర్చుండిరి. వీనిని మేము సంగ్రహముగా దాటుచున్నాము. ఆయన మనస్సు వీనియందు నిలువలేదని మా తలంపు. ఆయన నంటిపెట్టుకొన్న చింత వేఱు. లింకను చరిత్ర వెలువడిన నాడు మన దేశమున అక్షరాస్యులు నూటికి పదిమందికి మించరు. చదువురానివానికి ఆ పుస్తకమెంత చౌకయైనను కాగితముల కట్టయే. వోటు వచ్చునాటికి వాడును పౌరుడే గదా, వాని కెవ్వరు చెప్పుదురు? ఈ ప్రశ్నయే ఆయనను గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును ఈడ్చెను. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు తరువాత ఆయన చిరకాలము అధ్యక్షులై, ఊరూర పుస్తకశాలలు పెట్టించుటకును, వానిని నడపువారికి శిక్షణ యిప్పించుటకును, పగలు పొలమున పనిచేయువారికి రాత్రి చదువు చెప్పించుటకును తిరిగిరి. భూస్వాములు కొందరు ఇల్లో కొట్టమో ఇచ్చిరి. కొందరు కూలివాడు చదివినచో కూలి పెంచుమనునని భయపడిరి. ఆ భయము నిజమే. ధనశాస్త్రము తెలిసినవాడు బేరమాడును.

1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయముల చట్టము వచ్చెను. ఇండ్లపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును వసూలుచేసి ఆ సొమ్ముతో పుస్తకశాలలను పోషించు నేర్పాటది. చందాలమీద బ్రతుకుచుండిన పుస్తకశాలకు ఆ పన్నుతో హక్కైన ఆదాయ మేర్పడెను. పన్ను కట్టినవాడు లోపలికి వచ్చి కూర్చుండుటకు ఎవరి దయయు అక్కరలేకపోయెను.

హరిసర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29వ తేదీన దివంగతులైరి. అప్పటికి రిపబ్లికు రాజ్యాంగము వచ్చి పదియేండ్లు, వయోజనులందఱు వోటు వేసిన ఎన్నికలు రెండు జరిగియుండెను. ఆ వరుసలలో నిలిచినవారిలో వ్రేలిముద్ర వేయువారే యెక్కువ.