కలమును నమ్ముకొనిన కవి – సూరతు నర్మదాశంకరుడు

సూరతు మన తెలుగువారికి పరాయి యూరు కాదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపని తెలిసిన కుటుంబము లెన్నియో ఇచటికి వచ్చి స్థిరపడినవి. ఉద్యోగరీత్యా బదిలీపై వచ్చి, నాలుగేండ్లుండి, మరల మూట గట్టుకొని పోవు మనవంటి వారును కలరు. ఖటోదరా పేటలో మరమగ్గముల చప్పుడు వినుచు కాపురము చేయు మనకు ఇచట ఒక పేరు తరచుగా కంటబడుచుండును. ఉధనా–మగదల్లా రోడ్డుననున్న విశ్వవిద్యాలయమునకు ఆ పేరే. ఘోడ్‌దోడ్ రోడ్డుననున్న పెద్ద గ్రంథాలయమునకును ఆ పేరే. అది నర్మద కవి పేరు. ఆయన ఎవరని మన పిల్లలు అడిగినచో, తడుముకొనక చెప్పగలవారు మనలో బహు కొద్దిమంది.

ఆయన చరిత్ర మనకు మరియొక కారణమున గూడ దగ్గరది. కొత్త కార్యాలయమున మొదటిదినము అడుగిడినప్పటి బెరకు మనలో ఎరుగనివారెవరు? చుట్టును కూర్చున్నవా రందరును ఆరితేరినవారు. ఏ కాగితము ఏ దస్త్రములో నుండునో వారికి కరతలామలకము. మనకు మాత్రము ఎవరి నేమి అడుగవలెనో కూడ తోచదు. అయినను ఉద్యోగమున జీతము కలదు, పైయధికారి కలడు, నెలలు గడచిన కొలది పని అలవడును. ఏ కొలువును లేక, కలమునే జీవనాధారముగా జేసికొని, అప్పటికే పేరుమోసిన కవుల నడుమ నిలువదలచిన యువకుని బెరకు ఎట్టిదై యుండును? నర్మద కవి ఆ బెరకును అనుభవించెను, దానిని దాటెను, దాటినందుకు మూల్యమును చెల్లించెను.

నర్మదాశంకర లాల్‌శంకర్ దవే 1833వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన సూరతు నగరమున నాగర బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి లాల్‌శంకరుడు బొంబాయిలో వ్రాయసకాడు. ఇతరుల వ్రాతలకు చక్కని ప్రతులు వ్రాసి ఇచ్చుట ఆయన వృత్తి. ఒకప్పుడు మొగలు పాదుషాల యేలుబడిలో ప్రపంచపు ఓడలకు రేవైన సూరతు, ఆ నాటికి వైభవము కోల్పోయి యుండెను. వర్తకము బొంబాయికి తరలిపోయెను. నర్మదునకు నాలుగేండ్లైన నిండకముందే, 1837లో, ఘోరమైన అగ్నిప్రమాదము నగరములో గొప్పభాగమును బూడిద చేసెను. చదువునకైనను బ్రతుకునకైనను బొంబాయి చేరక తప్పని కాలమది. బాలుడు బొంబాయి, సూరతుల నడుమ తిరుగుచు పెరిగి, పేరొందిన ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున చేరెను.

1850లో తల్లి మరణించెను. చదువు విడిచి సూరతు రావలసి వచ్చెను. 1852లో తాపీనది ఆవలియొడ్డున గల రాందేర్ బడిలో ఉపాధ్యాయుడుగా కుదిరెను. 1853లో భార్య మరణించెను. ఇరువదియేండ్ల ప్రాయమునకే ఇన్ని దెబ్బలు తిన్న యువకుడు 1854లో మరల బొంబాయి చేరి కళాశాల గడప తొక్కెను గాని, పట్టము మాత్రము పుచ్చుకొనలేదు. మిత్రులతో గూడి సభలు నడపుటయందును, ఉపన్యసించుటయందును ఆయనకు మిక్కిలి మక్కువ. నలుగురు సంఘముగా కూడుటవలన కలుగు మేలును గూర్చి ఆయన ఇరువదియేండ్లు నిండకముందే చేసిన ప్రసంగమును గుజరాతీ వచన వ్యాసములకు నాందిగా పండితులు పరిగణింతురు.

కవిత్వము ఆయనను 1855లో, ఇరువది రెండవ పుట్టిననాటి దినములలో, ఆవహించెను. ధీరా భగతు అను పూర్వకవి పదములను చదివి, ఆ ఫక్కిలో తానును కొన్ని కట్టెను. కట్టిన పిమ్మట తన కొరత తనకు తెలిసివచ్చెను. భావము కలదు, ఉత్సాహము కలదు. ఛందస్సు మాత్రము రాదు. మన తెలుగుదేశమున బడిపంతులైనను యతిప్రాసలు చెప్పి, గణవిభజన నేర్పువాడు. ఆనాటి గుజరాతులో ఛందశ్శాస్త్రము చాలవరకు వ్రజభాషా గ్రంథములలోనే యుండెను. అవియు చేతివ్రాత ప్రతులు. కలవారు వానిని పేటికలలో దాచుకొనువారు. నర్మదునకు చెప్పు గురువు లేడు.

ఆ సమయమున గుజరాతీ కవిత్వమున దలపత్‌రాం పేరు మారుమ్రోగుచుండెను. వఢవాణ్ గ్రామవాసియైన ఆయన 1820లో జన్మించినవాడు. నర్మదునికంటె పదమూడేండ్లు పెద్ద. స్వామినారాయణ సంప్రదాయమునకు చెందిన దేవానంద స్వామియొద్ద పింగళశాస్త్రమును క్రమముగా అభ్యసించినవాడు. 1845లోనే ‘బాపానీ పీపర్’ అను కావ్యము వ్రాసి కొత్తపుంతలు తొక్కినవాడు. అలెగ్జాండర్ కిన్లాక్ ఫోర్బ్స్ దొర ఆయనకు ఆశ్రయమిచ్చెను. ఆ దొర 1848లో అహమ్మదాబాదున నెలకొల్పిన గుజరాత్ వర్నాక్యులర్ సొసైటీలో ఆయనకు కొలువు కలదు. ‘బుద్ధిప్రకాశ్’ పత్రిక ఆయన చేతిలో కలదు. గురువు, పోషకుడు, కొలువు, పత్రిక – ఈ నాలుగును కలవాడు ఒక ప్రక్క. ఈ నాలుగింటిలో ఒక్కటియు లేని యువకుడు మరియొక ప్రక్క.

ఇట్టి చోట కొత్తవాని ముందు రెండు త్రోవలుండును. పెద్దలకు రానిదేదో తనకు వచ్చినట్లు నటించి, శాస్త్రమేల, ఛందస్సేల యని కొట్టివేయుట ఒకటి. సిగ్గుపడి కలము మూసి కూర్చుండుట రెండవది. నర్మదుడు ఈ రెండు త్రోవలనుగాక మూడవదానిని పట్టెను. సూరతులో ఒక తాపీపనివాని యొద్ద ‘ఛందోరత్నావళి’ ప్రతి కలదని ఆయనకు తెలిసెను. ఆ మేస్త్రి ప్రాణముతో సమానముగా చూచుకొను పుస్తకమును ఎరువిచ్చుటకు ఒప్పుకొనలేదు. నాగర బ్రాహ్మణ యువకుడు, ఆంగ్లవిద్య నేర్చినవాడు, మేస్త్రి ఇంటికే పోయి, అచటనే కూర్చుండి, ఆ గ్రంథమును తన చేతితో ప్రతి వ్రాసికొనెను. తండ్రి కూటికొఱకు చేసిన వ్రాయసపు పని కొడుకునకు విద్యకొఱకు పనికివచ్చెను. సున్నము, ఇటుకలతో బ్రతుకువాని ఇంట ఛందశ్శాస్త్రముండుటయు, దానికై కాలేజీ విద్యార్థి అచటికి పోవుటయు – ఈ రెండును మన పిల్లలకు చెప్పదగిన సంగతులు.

ఆ కృషి ఫలించుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1857లో ‘పింగళ ప్రవేశ్’ అను ఛందోగ్రంథమును ప్రకటించి తండ్రికి అంకితము గావించెను. 1858లో అలంకారములను గూర్చి ఒకటి, రసమును గూర్చి ఒకటి వెలువరించెను. తాను కష్టపడి నేర్చినదానిని, తనవలెనే గురువు లేని పిన్నలకు సులభముగా అందవలెనని అచ్చువేయించెను. కొత్తవాని బెరకునకు ఇంతకు మించిన మందు లేదు: తెలియనిది నేర్చుట, నేర్చినది దాచక పంచుట.

అటుపిమ్మట ఆయన చేసినది సాహసము. అప్పటికి బొంబాయిలో ఉపాధ్యాయుడుగా నుండెను. ప్రొద్దుననుండి సాయంకాలమువరకు బడి. చదువునకును కవిత్వమునకును మిగులు సమయము లేదు. 1858వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ఆ యుద్యోగమునకు రాజీనామా యిచ్చెను. ఇల్లు చేరి, కన్నీరు నిండిన కన్నులతో తన కలమును చూచి, ఇకమీదట నీవే దిక్కని వేడుకొనెనట! ఈ సంగతిని ఆయనయే స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అప్పటి కాయన వయసు ఇరువదియైదేండ్లు. నెలజీతగాండ్రమైన మనకు ఆ కన్నీటి బరువు తెలియును. ఆనాడు పుస్తకములు కొనువారు తక్కువ. రచయితకు పారితోషికమను మాటయే అరుదు. రచన చేయవలె, అచ్చుకూలి యియ్యవలె, చందాదారులను తానే వెదకుకొనవలె.

1859లో దలపత్‌రామును నర్మదుడును బొంబాయిలో కలిసికొనిరి. సభలలో ఇరువురి కవిత్వమును విని జనులు తూకము వేయసాగిరి. నెమ్మది, హాస్యము, నీతి, చక్కని కట్టుబాటు దలపత్‌రాము సొత్తు. ఆవేశము, ప్రకృతి వర్ణనము, ప్రేమ, దేశాభిమానము నర్మదుని సొత్తు. ఇరువురి పక్షమునను అభిమానులు చేరి వాదులాడుకొనిరి. ఆ పోటీ గుజరాతీ సాహిత్యమునకు మేలే చేసెను. నాటి యుగమును నేటికిని నర్మద యుగమనియు, దలపత్, నర్మదుల యుగమనియు వ్యవహరింతురు. కొత్తవాడు పాతవానిని త్రోసివేయలేదు; ప్రక్కన చోటు సంపాదించుకొనెను. పూర్వకవులయెడ నర్మదునకు గల గౌరవమునకు ఆయన కూర్చిన ‘కవిచరిత్ర’యే సాక్ష్యము. నాగర స్త్రీలు ఇండ్లలో శుభకార్యములందు పాడుకొను పాటలను సైతము ఏరి 1870లో ప్రకటించెను. తల్లులు, అమ్మమ్మలు పాడు పాటను సాహిత్యమని తలచినవారు ఆ కాలమున ఎందరు?

సంఘసంస్కరణమునందును ఆయన వెనుకాడలేదు. 1860లో వితంతు వివాహమును గూర్చి వైష్ణవ మహారాజైన యదునాథునితో బహిరంగ చర్చకు దిగెను. మిత్రుడగు కర్సన్‌దాస్ మూల్‌జీ ఆ మహారాజుల నడవడిని విమర్శించి, 1862లో బొంబాయి న్యాయస్థానమున నడచిన ప్రసిద్ధమైన పరువునష్టపు వ్యాజ్యెమున గెలుపొందెను. నర్మదుడు మాటతో సరిపెట్టక, ఒక వితంతువును తన యింటికి తెచ్చి భార్యగా స్వీకరించెను. మన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినది 1881లో. తపతీ తీరమునను, గోదావరీ తీరమునను ఒకే వేదన ఇద్దరి చేతను కలము పట్టించెను. అయితే నర్మదుని భార్య డాహీగౌరి అప్పటికి ఆ యింటనే యుండెను. ఆ ఆదర్శమువలన ఆమె హృదయమునకు తగిలిన గాయమును మరచి ఆయనను పొగడుట న్యాయము కాదు.

1864లో మిత్రులతో గూడి ‘దాండియో’ అను పక్షపత్రికను ప్రారంభించెను. రాత్రివేళ గస్తీ తిరుగు కావలివాడు కొట్టు కఱ్ఱ ఆ పేరునకు మూలము. నిద్రించు జనులను మేలుకొలుపుటయే దాని పని. ఆ రోజులలో అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తి ధర పెరిగి, బొంబాయి నగరమంతయు వాటాల జూదమున మునిగియుండెను. ఆ పిచ్చిని ఈ పత్రిక జంకక ఎత్తిపొడిచెను. 1865లో ఆ బుడగ పగిలి ఎందరో దివాలా తీసిరి. ‘దాండియో’ 1869 వరకు నడచెను.

ఆయన మహాకార్యము ‘నర్మకోశము’. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థము చెప్పు నిఘంటువు అది. సంఘములు, సంస్థానములు చేయవలసిన పనిని ఒక్క మనుష్యుడు పండ్రెండేండ్లకు పైగా చేసి 1873లో సమగ్రముగా వెలువరించెను. దాదాపు 25,000 మాటలు అందు కలవు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి ‘శబ్దరత్నాకరము’ మనకు 1885లో లభించినదని తలచినచో, ఈ కృషి విలువ తెలియును. కోశపు ముందుభాగమున గుజరాతు దేశమును కీర్తించుచు ఆయన వ్రాసిన ‘జయ జయ గరవీ గుజరాత్’ గీతమే నేడు ఈ రాష్ట్రమున ప్రభుత్వ సభలలో మనము లేచి నిలుచుండి విను పాట. కోశము కీర్తిని తెచ్చెను. అప్పును గూడ తెచ్చెను.

1874లోను, 1876లోను ప్రపంచ చరిత్రమును ‘రాజ్యరంగ్’ అను పేర రెండు సంపుటములుగా వ్రాసెను. వయసు మళ్ళిన కొలది ఆయన అభిప్రాయములును మారెను. యౌవనమున తాను ఖండించిన ప్రాచీన ధర్మమును గూర్చి పునర్విచారణ చేసి, 1885లో ‘ధర్మవిచార్’ ప్రకటించెను. పూర్వపు మిత్రులు కొందరు నొచ్చుకొనిరి. తన మనసు మారినదని బాహాటముగా చెప్పుకొనుటకును ధైర్యము కావలెను.

కాని పేదరికము మాత్రము మారలేదు. కలమును నమ్ముకొని ఇరువదినాలుగేండ్లు గడపిన పిమ్మట, 1882లో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థలో కార్యదర్శిగా కొలువున చేరవలసి వచ్చెను. పట్టిన పట్టు సడలినందులకు ఆయన కుమిలిపోయెను. ఆ దిగులుతోనే ఆరోగ్యము చెడి, 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో స్వర్గస్థుడయ్యెను. వయసు ఏబదిరెండేండ్లు మాత్రమే.

కొలువున చేరుట ఓటమి యని ఆయన తలచెను. నెలనెలా జీతము తీసికొని, మిగిలిన గంటలో పద్యమో కథయో వ్రాసికొను మనము అట్లనుకొనజాలము. ఇరువదినాలుగేండ్లు ఒక మనుష్యుడు తన భాషకొఱకు ఆకలికి ఓర్చుకొనెను. నాలుగేండ్లు ఇంటివారికొఱకు కొలువు చేసెను. రెండును గౌరవింపదగినవే.

1866లో ‘మారీ హకీకత్’ అను పేర ఆయన తన కథ తానే వ్రాసికొని, మిత్రులకొఱకు కొలది ప్రతులు మాత్రము అచ్చువేయించెను. లోకమునకు అది అందినది శతజయంతి సంవత్సరమైన 1933లో. తాను ఛందస్సు తెలియనివాడనై యుంటినన్న సంగతిని, మేస్త్రి ఇంట కూర్చుండి ప్రతి వ్రాసికొనిన సంగతిని ఆయన దాచుకొనలేదు. గొప్పవాడైన పిమ్మట తన తొలినాటి అజ్ఞానమును చెప్పుకొనువాడే నిజముగా గొప్పవాడు.

గోపీపురాలో ఆమ్లీరాన్ వీధియందు ఆయన కట్టించుకొనిన ‘సరస్వతీ మందిరము’ నేటికిని కలదు. ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడవచ్చును. 1965లో స్థాపితమైన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమునకు 2004లో ఆయన పేరు పెట్టిరి. ఆయన జన్మదినమైన ఆగస్టు 24ను గుజరాతీ భాషా దినముగా జరుపుకొందురు. ఐదు దినములు గడచినంతనే, ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతియై మన తెలుగు భాషా దినము వచ్చును.

మన సంఘమున తొలిసారి కలము పట్టి, పెద్దల రచనల ప్రక్కన తన రచన నిలుచునా యని జంకు యువతీయువకులు కొందరు కలరు. వారికి చెప్పవలసినది ఒక్కటే. ఆ జంకు తప్పు కాదు. అది తెలియనిది కలదని తెలిసినందులకు గుర్తు. గ్రంథము ఎవరి యింట నున్నదో వెదకుకొని పోయి, వారి గుమ్మమున కూర్చుండి నేర్చుకొనుడు. ఈ యూరి కవి నడచిన త్రోవ అది.