కలివి కోడి కబురు విన్న పెద్దాయన

చిద్రి బడి పిల్లలం మనం ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బీదర్ బజారులో ఉర్దూ, మరాఠీ వింటూ పెరుగుతాం. ఒకే పిట్టకు నాలుగు పేర్లు మన చెవిన పడతాయి. తుమ్మ కొమ్మకు గూడు వేలాడదీసే పిట్టను మనం గిజిగాడు అంటే, కన్నడంలో గీజగ అంటారు. మరాఠీలో అది సుగరణ్, ఉర్దూలో బయా. ఆ పిట్ట గూడు కట్టే తీరును నెలల తరబడి కనిపెట్టి చూసి, ప్రపంచానికి వివరంగా చెప్పిన మనిషి గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆయన సాలిం అలీ.

సాలిం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పెద్ద కుటుంబంలో అందరికన్నా చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఆ ఇంట్లో మగవాళ్ళకు వేట సరదా ఉండేది. ఒకరోజు ఆ పిల్లవాడు బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకకు అలాంటిది ఉండదు. అది ఏ పిట్టో మామకూ తెలియలేదు. ఆయన ఒక ఉత్తరం రాసిచ్చి, పిల్లవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిలార్డ్ విసుక్కోలేదు. అది గొంతు పసుపు పిచ్చుక అని చెప్పి, బీరువాల్లో భద్రపరిచిన వందలాది పక్షులను చూపించారు. పిట్టను చంపిన ఆ పిల్లవాడు పిట్టలను కాపాడే దారిలో పడింది అక్కడే.

ఆ దారి నల్లేరు మీద నడక కాలేదు. కాలేజీ చదువు మధ్యలో ఆగింది. 1914లో బర్మా వెళ్ళి అన్నగారి గనుల, కలప వ్యాపారంలో చేరారు. వ్యాపారం కన్నా అడవిలో పిట్టల వెంట తిరగడమే ఎక్కువైంది. తిరిగొచ్చాక 1918లో తెహ్మినాను పెళ్ళాడారు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు జంతువుల గురించి వివరించే ఉద్యోగం దొరికింది. ఇంకా నేర్చుకోవాలని సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగమే ఎత్తేశారు.

చేతిలో పని లేక భార్యాభర్తలు బొంబాయికి దగ్గరలో సముద్రతీరాన ఉన్న కిహిం అనే పల్లెకు మారారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్ళ గుంపు గూళ్ళు కడుతోంది. ఆయన ఓపిగ్గా కూర్చుని రోజూ చూశారు. మగ గిజిగాడు గూడు సగం కడతాడు. ఆడపిట్ట వచ్చి పరీక్ష చేస్తుంది. నచ్చితే ఒప్పుకుని, లోపల మెత్తగా సర్దుకుని గుడ్లు పెడుతుంది. నచ్చకపోతే ఆ గూడు వృథా. ఒక ఆడపిట్ట కుదురుకోగానే మగపిట్ట మరో గూడు మొదలుపెడుతుంది. జీతం లేని ఆ నెలల్లో చేసిన ఈ పరిశీలనే ఆయనకు పేరు తెచ్చింది.

ఆ తర్వాత కథ మన వైపుకు వస్తుంది. దేశంలో ఏ ప్రాంతంలో ఏ పక్షులున్నాయో అప్పటికి సరైన లెక్క లేదు. శిబిరాల ఖర్చు భరిస్తే చాలు, జీతం లేకుండా సర్వే చేస్తానని ఆయన ముందుకొచ్చారు. హైదరాబాద్ నిజాం ప్రభుత్వం సరేనంది. 1931, 32 సంవత్సరాల్లో హైదరాబాద్ రాజ్య పక్షుల సర్వే జరిగింది. అప్పట్లో మన బీదర్ కూడా ఆ రాజ్యంలో ఒక జిల్లా. 1956లో రాష్ట్రాలు మారినప్పుడే మనం మైసూరు వైపు వచ్చాం. అమ్రాబాద్ అడవుల నుంచి దక్కన్ మైదానాల దాకా జరిగిన ఆ సర్వేలో తెహ్మినా కూడా గుడారాల్లో భర్తకు తోడున్నారు. 1939లో ఆమె చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా పనికే ఇచ్చారు.

1941లో భారతదేశపు పక్షుల మీద రంగుల బొమ్మలతో పుస్తకం తెచ్చారు. శాస్త్రం చదవని వాళ్ళు కూడా అది చూసి పిట్టను పోల్చుకోగలిగారు. తర్వాత అమెరికా శాస్త్రవేత్త రిప్లీతో కలిసి భారత ఉపఖండం పక్షుల మీద పది సంపుటాల గ్రంథం రాశారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి.

అరుదైన పిట్టల వెతుకులాటలో ఆయనకు గెలుపూ ఉంది, ఓటమీ ఉంది. గిజిగాడి జాతిలోనే ఫిన్ గిజిగాడు అనే పిట్ట చాలాకాలం కనబడకుండా పోతే, కుమావూఁ కొండల దిగువన దాన్ని మళ్ళీ కనిపెట్టారు. హిమాలయ కంజు పిట్ట 1876 తర్వాత ఎవరికీ కనబడలేదు. దాని కోసం వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. మన బట్టమేక పిట్ట విషయంలోనూ అంతే. గడ్డి మైదానాల్లో తిరిగే ఆ పెద్ద పక్షిని జాతీయ పక్షిగా చేయాలని ఆయన గట్టిగా కోరారు. అలా చేస్తే దానితోపాటు గడ్డి బీళ్ళూ బతుకుతాయని ఆయన ఆశ. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఇవాళ బట్టమేక పిట్ట అంతరించే అంచున ఉంది.

అన్నిటికన్నా మనం గుర్తుంచుకోవలసింది కలివి కోడి సంగతి. జెర్డన్ అనే వైద్యుడు సేకరించిన ఈ పిట్టకు 1848లో శాస్త్రీయ నామం పెట్టారు. గోధుమ రంగు ఒళ్ళు, పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మళ్ళీ జాడ లేదు. పోయిందనే అందరూ రాసుకున్నారు. సాలిం అలీకి మాత్రం ఆశ చావలేదు. ఆయన పెద్దరికంలోని బొంబాయి సొసైటీ 1980లలో మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది. పరిశోధకులు పిట్ట బొమ్మను పట్టుకుని రాయలసీమ పల్లెల్లో తిరిగారు. బొమ్మ చూసి పోల్చుకున్నది స్థానికంగా పిట్టలు పట్టేవాళ్ళు. శాస్త్రవేత్తలు దాన్ని పగలు వెతికారు. ఆ పిట్టేమో రాత్రి పూట ముళ్ళ పొదల మధ్య పరుగెత్తుతుంది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర అది దొరికింది. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివి కోడి. పోయిందని పుస్తకాలు చెప్పిన పిట్టకు పల్లె తెలుగులో పేరు బతికే ఉంది. పేరు తెలిసినవాళ్ళకే దాని చోటూ తెలుసు.

ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో సాలిం అలీ ఆ కబురు విన్నారు. మరుసటి ఏడాది, 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు. కలివి కోడి కోసం లంకమలలో అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం కొంత మారింది. అయినా ఆ పిట్ట తర్వాతి ఏళ్ళలో మళ్ళీ కంటికి దొరకనంత అరుదైపోయింది.

మన బీదర్ ఎర్రరాతి పీఠభూమి చుట్టూ కూడా గడ్డి బీళ్ళున్నాయి, ముళ్ళ తుప్పలున్నాయి. పనికిరాని నేల అని మనం అనుకునేది ఏదో ఒక పిట్టకు ఇల్లు. నవంబరు 12 ఆయన పుట్టినరోజు. ఈలోగా ఒక పని చేద్దాం. మన అమ్మమ్మలను, తాతలను, మేకలు కాసే పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళకు తెలిసిన పిట్టల పేర్లు నోటు పుస్తకంలో రాసుకుందాం. ఏ నెలలో, ఏ చెట్టు మీద, ఏ వేళ కనబడుతుందో పక్కనే రాద్దాం. కన్నడ పేరు తెలిస్తే అదీ చేరుద్దాం. వాళ్ళతోపాటు పోతే ఆ పేర్లను మళ్ళీ చెప్పేవాళ్ళు ఉండరు.