కాపలాదారు కొడుకు: ఆర్థర్ యాష్ జీవితం



ఈ ప్రత్యేక సంచికకు తమను ప్రభావితం చేసిన ఒక ప్రముఖుని గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు సభ్యులందరినీ కోరారు. గాంధీగారిని గురించి, టంగుటూరి ప్రకాశం పంతులుగారిని గురించి నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మటుకు ఒక టెన్నిస్ ఆటగాణ్ణి ఎంచుకున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం నా సంగతి కూడా చెప్పుకోవాలి. మన్నించండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బుకు ఒక మట్టి టెన్నిస్ కోర్టు ఉండేది. సాయంత్రం ఐదున్నరకల్లా వాచ్‌మన్ కోర్టు తడిపి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి ఉంచేవాడు. మేము నలుగురైదుగురం తెల్ల బనీన్లు వేసుకుని దిగేవాళ్ళం. 1975 జూలైలో వింబుల్డన్ ఫైనల్ వార్త చదివింది కూడా ఆ క్లబ్బు రీడింగు రూములోనే. ఎమర్జెన్సీ విధించి పదిరోజులు దాటింది. పేపరు మొదటి పేజీలో చదవడానికి ఏమీ ఉండేది కాదు. అందుకని అందరం ఆటల పేజీ నుంచే మొదలుపెట్టేవాళ్ళం. జిమ్మీ కానర్స్‌ను ఆర్థర్ యాష్ ఓడించాడన్న వార్త చూసి అచ్చుతప్పేమో అనుకున్నాం. అప్పటి నుంచి ఆయనను గురించి ఎక్కడ ఏమి కనపడినా చదువుతూ వచ్చాను.

బాల్యం

ఆర్థర్ యాష్ 1943 జూలై 10న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రపు రాజధాని రిచ్‌మండ్ నగరంలో జన్మించారు. నల్లజాతి కుటుంబం. తండ్రి బ్రూక్ ఫీల్డ్ అనే పార్కుకు కాపలాదారు. నల్లవారి కోసం ప్రత్యేకించిన పార్కు అది. కుటుంబం ఉండే ఇల్లు కూడా ఆ పార్కులోనే. గుమ్మం దిగితే టెన్నిస్ కోర్టులు. ఆర్థర్‌కు ఆరేళ్ళ వయసులో, 1950లో, తల్లి కన్నుమూసింది. తండ్రి కట్టుదిట్టమైన మనిషి. ఇద్దరు మగపిల్లలను క్రమశిక్షణతో పెంచాడు. కుర్రవాడు బక్కపలచగా ఉండేవాడు. పుస్తకాలు పిచ్చిగా చదివేవాడు.

ఆ కోర్టులలో ఆడే రాన్ చారిటీ అనే కాలేజీ విద్యార్థి ఈ పిల్లవాణ్ణి గమనించి రాకెట్టు పట్టడం నేర్పాడు. తన దగ్గరున్న విద్య అయిపోయాక, లించ్‌బర్గ్‌లోని డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే నల్లజాతి వైద్యుని వద్దకు చేర్చాడు. 1957లో వింబుల్డన్ గెలిచిన నల్లజాతి మహిళ ఆల్తియా గిబ్సన్‌కు తోడ్పడినది ఈయనే. వైద్యం చేస్తూ, తన ఇంటి పెరటి కోర్టులో వేసవి సెలవులకు పిల్లలకు శిక్షణ ఇచ్చేవాడు. ఆయన పెట్టిన నియమాలు వింటే మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఎదుటివారి బంతి గీతకు కాస్త అవతల పడినా సరే, లోపల పడినట్లే భావించి తిరిగి కొట్టాలి. అంపైరుతో వాదించరాదు. ముఖంలో కోపం కనపడరాదు. తెల్లవారి టోర్నమెంట్లలో ఈ పిల్లలను తరిమివేయడానికి ఎవరికీ చిన్న సాకు కూడా దొరకకూడదన్నది ఆయన ఉద్దేశం. కోర్టులో యాష్ చూపిన నిబ్బరం చూసి జనం పుట్టుకతో వచ్చిన గుణం అనుకునేవారు. అది నేర్చుకున్న గుణం. తప్పనిసరై నేర్చుకున్నది.

సొంత ఊళ్ళో తెల్లవారి కోర్టులలో జరిగే పోటీలకు ఆ కుర్రవాడికి ప్రవేశం లేదు. చలికాలం ఆడుకోవడానికి కప్పు ఉన్న కోర్టులూ నల్లవారికి మూసివేసి ఉండేవి. అందుకని 1960లో హైస్కూలు ఆఖరి సంవత్సరం చదవడానికి సెయింట్ లూయీ నగరానికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడి నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ శాఖలో స్కాలర్‌షిప్పు దొరికింది. 1963లో అమెరికా డేవిస్ కప్ జట్టులోకి తీసుకోబడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1965లో కాలేజీల జాతీయ సింగిల్స్, డబుల్స్ విజేత. 1966లో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ పుచ్చుకుని సైన్యంలో చేరి లెఫ్టినెంటు అయ్యాడు.

అగ్రస్థానం

1968 ఆయనకు కలిసి వచ్చిన సంవత్సరం. వేసవిలో అమెరికా అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. సెప్టెంబరులో ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన మొట్టమొదటి యు.ఎస్. ఓపెన్ ఫైనల్లో హాలెండుకు చెందిన టామ్ ఓకర్‌ను ఐదు సెట్లలో ఓడించాడు. మొదటి సెట్టే 14–12. అయితే అప్పటికి ఆయన అమెచ్యూర్. అందుచేత 14,000 డాలర్ల మొదటి బహుమతి ఓడిపోయిన ఓకర్‌కు వెళ్ళింది. గెలిచినవాడికి దక్కినది రోజుకు 20 డాలర్ల భత్యం. టి.ఎ., డి.ఎ. బిల్లుల విలువ తెలిసిన మనకు ఈ లెక్క వేరే వివరించనక్కరలేదు. అదే సంవత్సరం డేవిస్ కప్ కూడా అమెరికాకు వచ్చింది. 1970లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు.

ఆ తరువాత కొన్నేళ్ళు ఫైనల్స్‌కు చేరినా పెద్ద టైటిల్ మళ్ళీ దక్కలేదు. వయసు ముప్పై దాటింది. ఇంక అయిపోయిందని అందరూ అనుకుంటున్న సమయంలో 1975 వచ్చింది. డాలస్‌లో జరిగిన డబ్ల్యు.సి.టి. ఫైనల్స్‌లో యువకుడైన బోర్గ్‌ను ఓడించాడు. జూలై 5న వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా 22 ఏళ్ళ కానర్స్. అంతకు ముందు సంవత్సరం మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు, ఆ టోర్నమెంటులో ఫైనల్ దాకా ఒక్క సెట్టయినా పోగొట్టుకోనివాడు. యాష్‌కు మరో ఐదు రోజుల్లో 32 నిండుతాయి. పైగా కానర్స్ ఆయన మీద కోర్టులో పరువునష్టం దావా వేసి ఉన్నాడు.

యాష్ సహజంగా వేగంగా కొట్టే ఆటగాడు. కానర్స్‌కు కావలసినదీ అదే. ఎదుటివాడి వేగాన్నే అరువు తీసుకుని రెట్టింపు చేసి తిరిగి కొట్టడం అతని పద్ధతి. ఆనాడు యాష్ ఆ అరువు ఇవ్వలేదు. బంతిని నెమ్మదిగా, తక్కువ ఎత్తులో, కానర్స్ ఫోర్‌హ్యాండ్ వైపు పంపాడు. సర్వీసును పక్కకు కోసి కోర్టు బయటకు లాగాడు. ముందుకు వస్తే తల మీదుగా లేపాడు. 6–1, 6–1, 5–7, 6–4. ముప్పై రెండేళ్ళ దగ్గర, అంత పెద్ద ఆటలో, అలవాటైన పద్ధతి మొత్తం పక్కనపెట్టి కొత్త పద్ధతిలో ఆడటం ఎంత కష్టమో, యాభై ఎనిమిదేళ్ళకు దగ్గరపడి ఆఫీసులో కంప్యూటరు నేర్చుకున్న మనలాంటి వారికి కొంత తెలుసు.

ఆ సంవత్సరం పలువురు టెన్నిస్ నిపుణులు, పత్రికలు ఆయనను ప్రపంచ నంబర్ వన్‌గా ప్రకటించారు. కంప్యూటరు లెక్కల జాబితాలో మాత్రం ఆయన రెండో స్థానం దాటలేదు. ఈ తేడా మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన జీవితం చదివిన తరువాత నాకు ఆ వాదన మీద ఆసక్తి పోయింది.

తెరిచిన తలుపులు

ఆయన తన ఆటను ఒక్క తన కోసమే ఆడుకోలేదు. 1969లో మిత్రులతో కలిసి పేద పిల్లలకు టెన్నిస్ నేర్పే జాతీయ జూనియర్ టెన్నిస్ లీగును స్థాపించారు. 1971లో ఆఫ్రికా పర్యటనలో కామెరూన్‌లో ఒక పదకొండేళ్ళ పిల్లవాడి ఆట చూసి, ఫ్రెంచి టెన్నిస్ పెద్దలకు చెప్పి ఫ్రాన్సుకు రప్పించే ఏర్పాటు చేశారు. ఆ పిల్లవాడే 1983లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన యానిక్ నోవా.

వర్ణవివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికా ఆయనకు వరుసగా వీసా నిరాకరించింది. ఆ దేశాన్ని అంతర్జాతీయ టెన్నిస్ నుంచి తొలగించాలని ఆయన పోరాడారు. 1970లో ఆ దేశం డేవిస్ కప్ నుంచి బహిష్కరింపబడింది. చివరకు 1973లో వీసా దొరికింది. స్టేడియంలో తెల్లవారికి, నల్లవారికి వేరు వేరు సీట్లు ఉండరాదన్న షరతు పెట్టి జొహానెస్‌బర్గ్ వెళ్ళి ఆడారు. ఓకర్‌తో కలిసి డబుల్స్ గెలిచారు. ఎందుకు వెళ్ళావని నల్లవారిలోనే కొందరు ఆయనను నిలదీశారు. ఆయన కోపగించుకోకుండా విన్నారు. ఇక్కడ మన దేశం సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1974లో విజయ్ అమృతరాజ్, ఆనంద్ అమృతరాజ్ ఆడిన భారత జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి మళ్ళీ ప్రవేశం పొందిన దక్షిణాఫ్రికా. వర్ణవివక్షకు నిరసనగా మన ప్రభుత్వం ఆడవద్దని నిర్ణయించింది. కప్పు చేతిదాకా వచ్చి వదులుకున్నాం. అప్పుడు క్లబ్బులో మేమంతా విచారించాం. ఇప్పుడు ఆలోచిస్తే గర్వంగా ఉంటుంది.

1977లో ఆయన జీన్ మూటుసామీ అనే ఫోటోగ్రాఫరును వివాహమాడారు. పేరు వింటే మీకు అనుమానం వచ్చి ఉంటుంది. అది మన దక్షిణాది ముత్తుసామి పేరే. ఆమె తండ్రి తరఫు పూర్వీకులు గ్వాడెలూప్ దీవికి వలసపోయిన భారతీయులు.

పదవీ విరమణ

1979లో 36 ఏళ్ళ వయసులో గుండెపోటు వచ్చింది. ఆ డిసెంబరులో బైపాస్ జరిగింది. 1980లో ఆటకు స్వస్తి చెప్పారు. మన సంఘం సమావేశంలో నలుగురు కూర్చుంటే ఇద్దరి ఛాతీ మీద ఆ గీత కనపడుతుంది కనుక ఎక్కువ చెప్పను. కాని మనకు ఆరు పదులు సమీపించాక వచ్చిన విశ్రాంతి ఆయనకు ముప్పై ఆరుకే వచ్చింది. ఆయన ఏమి చేశారన్నదే నాకు ముఖ్యం. డేవిస్ కప్ జట్టుకు కెప్టెన్‌గా ఉండి 1981లోను, 1982లోను గెలిపించారు. ఒక కాలేజీలో నల్లజాతి క్రీడాకారులను గురించి పాఠం చెప్పబోతే సరైన పుస్తకం దొరకలేదు. తానే పూనుకుని, సొంత డబ్బు ఖర్చుపెట్టి, సహాయకులతో కలిసి ఏళ్ళ తరబడి శ్రమించి 1988లో మూడు సంపుటాల చరిత్ర వెలువరించారు. 1985లో వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ఎదుట నిరసన తెలిపి అరెస్టయ్యారు.

1983లో రెండోసారి గుండె ఆపరేషన్ జరిగింది. అప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా ఎయిడ్స్ క్రిమి ఆయన శరీరంలో ప్రవేశించింది. దానం చేసిన రక్తాన్ని పరీక్షించే విధానం ఆనాటికి రాలేదు. 1985లో వచ్చింది. 1988లో కుడిచేయి పట్టు తప్పితే, మెదడుకు శస్త్రచికిత్స చేసినప్పుడు ఆ సంగతి తెలిసింది. భార్య, దగ్గరివారు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. చిన్న కూతురు ఉంది. 1992 ఏప్రిల్‌లో ఒక పత్రిక ఆరా తీయడం మొదలుపెట్టింది. ఇక దాచడం కుదరక ఆయనే విలేఖరుల ముందుకు వచ్చి చెప్పారు. మాట్లాడుతూ కూతురి ప్రస్తావన వచ్చినచోట గొంతు పెగలక ఆగిపోతే, కాగితం భార్య అందుకుని చదివింది.

ఆ తరువాత మిగిలినది పది నెలలు. ఆ పది నెలల్లో ఎయిడ్స్ నిర్మూలనకు ఒక నిధి స్థాపించారు. సెప్టెంబరులో హైతీ శరణార్థుల పక్షాన శ్వేతసౌధం ఎదుట నిలబడి మళ్ళీ అరెస్టయ్యారు. డిసెంబరు 1న ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించారు. 1993 ఫిబ్రవరి 6న న్యూయార్కులో, 49 ఏళ్ళ వయసులో, కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని రిచ్‌మండ్‌లో గవర్నరు నివాసంలో ఉంచితే వేలమంది వరుసకట్టి దర్శించుకున్నారు. ఆయనకు కోర్టులోకి ప్రవేశం ఇవ్వని ఊరు అది.

1996లో అదే ఊళ్ళో, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన సేనానుల విగ్రహాలున్న రాజవీధిలో ఆయన విగ్రహం పెట్టారు. ఒక చేతిలో పుస్తకాలు, ఒక చేతిలో రాకెట్టు, చుట్టూ పిల్లలు. 2020, 2021 సంవత్సరాల్లో ఆ సేనానుల విగ్రహాలన్నీ తొలగించారు. యాష్ విగ్రహం నిలిచి ఉంది. 1997 నుంచి యు.ఎస్. ఓపెన్ ఫైనల్స్ జరిగే స్టేడియం, ప్రపంచంలోనే అతి పెద్ద టెన్నిస్ స్టేడియం, ఆయన పేరు మీదనే ఉంది.

ఒక మినిట్స్ పుస్తకం

ఇక నా సంగతి. మా క్లబ్బు వాచ్‌మన్‌కు పన్నెండేళ్ళ కొడుకు ఉండేవాడు. సాయంత్రాలు మాకు బంతులు ఏరి ఇచ్చేవాడు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఎవరూ లేని వేళ, నరాలు తెగిన రాకెట్టుతో గోడకు బంతి కొడుతుంటే చూశాను. ఆ చేతి తీరు మాలో ఎవరికీ లేదు. వేరే మెంబరెవరో కూడా చూసినట్లున్నారు. తరువాతి కమిటీ మీటింగులో, మెంబర్లు, వారి పిల్లలు తప్ప ఇతరులు కోర్టులో రాకెట్టు పట్టరాదని తీర్మానమయింది. నేనప్పుడు జాయింటు సెక్రటరీని. మాట్లాడలేదు. మినిట్స్ రాసింది నేనే, దస్తూరి బాగుంటుందని నా చేత రాయించేవారు. అది 1975లోనే, వింబుల్డన్ వార్త చదివి మేమంతా చప్పట్లు కొట్టిన రెండు మూడు నెలలకు. యాష్ తండ్రి కూడా ఆటస్థలం కాపలాదారేనని చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్రవాడు యాష్ అయి ఉండేవాడని నేను అనడం లేదు. అవకాశమున్నదీ లేనిదీ తెలియకుండా చేసినవాళ్ళలో నేనొకణ్ణి అంటున్నాను.

మన కాలనీలో షటిల్ కోర్టు ఉంది. ఉదయం ఎనిమిది తరువాత ఖాళీగానే ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లలు, పనిమనుషుల పిల్లలు నిలబడి చూస్తూ ఉంటారు. వారికి రోజూ ఒక గంట కేటాయించాలని, రెండు పాత రాకెట్లు నేను ఇస్తానని వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించదలిచాను. బలపరచేవారు ఒక్కరున్నా చాలు. ఈసారి మినిట్స్ కూడా నేనే రాస్తాను.