విజయనగర రాకుమారుని క్రికెట్టు జట్టు

నెల్లూరునుండి ఉత్తరముగా పోయి పెన్న వంతెన దాటినంతనే కోవూరు వచ్చును. వరిపొలముల నడుమనున్న ఆ యూరిలో గాని, ఆంధ్రదేశమున మరి యే యూరిలో గాని, వేసవి వచ్చినదనగా బడిపిల్లల నోట ఒకటే వాదము వినబడును. ఏ జట్టు యజమాని ఏ యాటగానికి ఎన్ని కోట్లు పోసెను? పోసిన సొమ్మునకు తగిన పరుగులు వచ్చెనా? ఆట చూడగోరువాడు టిక్కెట్టునకు అంత ధర యేల చెల్లింపవలెను? జట్టు ఓడినప్పుడు కారణమడుగు హక్కు పెట్టుబడి పెట్టినవానిదా, ఎండలో కూర్చుండి చప్పట్లు కొట్టినవానిదా? 2008లో ఐ.పి.ఎల్. పోటీలు ఆరంభమైనప్పుడు హైదరాబాదు జట్టును ఒక పత్రికాసంస్థ కొనెను. 2009లో ఆ జట్టు విజయము గాంచెను. 2012లో అది రద్దయిపోగా క్రొత్త జట్టును ఒక టెలివిజను సంస్థ చేపట్టెను. ఈ వ్యవహారమంతయు మన కాలమున పుట్టినదని విద్యార్థులు తలంచుట సహజమే. కాని సొంత ధనముతో జట్టును గట్టి, సముద్రము దాటించి మేటి యాటగాండ్రను రప్పించి, వారిని దేశమంతట త్రిప్పిన తెలుగువాడొకడు అంతకు డెబ్బది యేడేండ్లకు ముందే యుండెను. ఆయన పూసపాటి విజయానంద గజపతిరాజు. విజయనగర మహారాజకుమారుడని బిరుదు. క్రికెట్టు లోకమున విజ్జీ యని ముద్దుపేరు.

ఆయన 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించెను. పుట్టిన యిల్లు సామాన్యమైనది కాదు. గురజాడ అప్పారావుగారిని ఆదరించినదియు, కన్యాశుల్క నాటకమును అంకితముగా పొందినదియు ఆ వంశమునకు చెందిన ఆనంద గజపతియే. విజయానందుని తండ్రి విజయరామ గజపతి 1919లో విజయనగరమున సంగీత కళాశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి అధ్యక్షునిగా నిలిపెను. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చటనే వయొలిను బోధించిరి. ఈ పోషణలో ఒక మర్యాద కలదు. రాజు ధనమిచ్చెను, భవనమిచ్చెను, పండితునకు పీఠమిచ్చెను. కాని నారాయణదాసుగారి చేతి చిరుతలు తీసికొని తానే కథ చెప్పుటకు వేదిక నెక్కలేదు. దాత వేదిక క్రిందనే కూర్చుండెను. కుమారుని జీవితమును గ్రహించుటకు ఈ యొక్క విషయమును జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

విజయానందుడు రెండవ కుమారుడు. కనుకనే మహారాజు కాక మహారాజకుమారుడయ్యెను. 1922లో తండ్రి మరణింపగా సంస్థానము జ్యేష్ఠునకు సంక్రమించెను. చిన్నవాడు కాశిలోని వంశపు ఆస్తుల మీదికి నివాసము మార్చుకొనెను. అజ్మీరులోని మేయో కళాశాలలోను, పిదప ఇంగ్లండులోను చదివినవాడు. టెన్నిసు బాగుగా ఆడెడివాడు, వేటయందు మిక్కిలి యాసక్తి. 1926లో కాశిలోని తన భవనపు ఆవరణలోనే ఒక క్రికెట్టు మైదానమును సిద్ధపరపించి, తన పేర ఒక జట్టును ఏర్పరచెను. ఏలుటకు రాజ్యము లేని రాకుమారునకు ఈ జట్టే రాజ్యమయ్యెనని అనుకొనవచ్చును.

1930వ సంవత్సరము వచ్చెను. ఉప్పు సత్యాగ్రహముతో దేశము అట్టుడికిపోవుచుండెను. ఆ శీతకాలమున మన దేశమునకు రావలసిన ఎం.సి.సి. జట్టు, రాజకీయ పరిస్థితులను జూచి ప్రయాణమును మానుకొనెను. ఆ ఖాళీని విజ్జీ చూచెను. ఇంగ్లండులో నాటికి సాటిలేని జంటగా పేరొందిన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను తన జట్టులో ఆడుటకు రప్పించెను. హాబ్స్‌కు అప్పటికి నలువదియేడేండ్లు దాటినవి. అయినను ఆ పేరు వినిన చాలును, మైదానములు నిండెడి కాలమది. నాయుడు, దేవధర్ వంటి మన యాటగాండ్రును, ఆ యాంగ్లేయులును ఒకే జట్టుగా భారతదేశమున, సింహళమున పర్యటించిరి. మన యువకులు పుస్తకములలో మాత్రమే చదివిన బ్యాటింగును కన్నులార చూచిరి. అదే మాసములలో వేలకొలది సత్యాగ్రహులు చెరసాలలలో నుండిరన్నదియు చరిత్రయే. రెండింటిని ఒక పుటలోనే చదువుకొనవలెను.

ఇంతకు పదేండ్ల ముందు అమెరికాలో ఇట్టి ముచ్చటయే ఒకటి జరిగెను. అచ్చట బేస్‌బాలు ఆటకు జట్టుల యజమానులు వర్తకులు. 1920 జనవరిలో న్యూయార్కు యాంకీస్ యజమానియగు రూపర్ట్ అను సారాయి బట్టీల ధనికుడు, బోస్టను జట్టునుండి బేబ్ రూత్ అను ఆటగాని లక్ష డాలర్లకు కొనెనన్న వార్త వెలువడెను. బోస్టను ప్రేక్షకులు ఆ యమ్మకమును తరతరములు క్షమింపలేదు. రూపర్ట్ మాత్రము ఆ సొమ్మును టిక్కెట్ల వలన రాబట్టుకొనెను. 1923లో మహాక్రీడాంగణమును నిర్మించెను. అచ్చట చూపరి అలిగి రాకపోయినచో యజమానికి నష్టము. కనుక చూపరి మాటకు కొంత బరువుండెను. కాశిలో అట్లు కాదు. విజ్జీ పెట్టిన ధనము జమీందారీ రాబడి; అనగా దుక్కిదున్ని శిస్తు గట్టిన రైతు చెమట. ఆ రైతు ఆటను చూచి యెరుగడు. చూచినవానికి అడుగుటకు అధికారము లేదు. జట్టు ఎవరిదన్న ప్రశ్నకు ఆ నాడు ఒకే జవాబు: పోషించు ప్రభువుది.

పోషకునిగా ఆయన కన్ను మంచిదని ఒప్పుకొనక తప్పదు. ఇందూరు బాలుడగు ముష్తాక్ అలీని పాఠశాలలో చదువుచుండగనే గుర్తించి కాశికి పిలిపించి తర్ఫీదునిప్పించెను. వెస్టిండీసు వీరుడు లియరీ కాన్‌స్టంటైనును మన దేశమునకు రప్పించెను. 1933-34లో జార్డిన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టు ఆ పర్యటన అంతటిలో ఒకే యొక్క పందెము ఓడెను. ఓడించినది కాశిలో విజయనగరము వారి జట్టు, అదియు 14 పరుగుల తేడాతో. ఆ దినమున ఆయన యెంత పొంగిపోయెనో ఊహించుకొనవచ్చును.

ఇచ్చటితో ఆగియున్నచో ఈ కథ వేరొక తీరుగా నుండెడిది. కాని ప్రభువులకు ప్రభువులతో పోటీ. పటియాలా మహారాజు భూపేంద్రసింగు క్రికెట్టునకు పెద్ద దాత. ఆయనకును వైస్రాయి వెల్లింగ్డనుకును పొసగకపోగా, విజ్జీ వైస్రాయి పక్షమున చేరెను. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానమున వైస్రాయి పేర ఒక పెవిలియను కట్టించి యిచ్చెను. 1934లో జాతీయ పోటీలు ఆరంభమగునప్పుడు ఒకరు రంజిత్‌సింహుని పేర, మరియొకరు వెల్లింగ్డను పేర బంగారు పాత్రలు సిద్ధము చేసిరి. చివరకు రంజీ పేరే నిలిచెను. పోటీలో ఆడవలసిన యువకులు ఏ పాత్రకై ఆడుదుమో తెలియక కొంతకాలము చూచుచుండిరి!

1932లో భారతజట్టు మొదటి టెస్టునకై ఇంగ్లండు పోవునప్పుడు కూడ నాయకత్వము రాజులకే దక్కెను. విజ్జీ క్రికెట్టు బోర్డునకు యాభైవేల రూపాయలు ఇవ్వజూపెను. ఉపనాయకునికి సహాయకుడను చిత్రమైన పదవి ఆయనకు లభించెను. ఆరోగ్యము సరిగా లేదని ఆయన పోలేదు. నాయకుడుగా పోయిన పోరుబందరు మహారాజు తన యాట యెంతటిదో తానెరిగినవాడు. జూన్ 25న లార్డ్స్ మైదానమున జట్టును నడిపించు బాధ్యతను కఠారి కనకయ్యనాయుడుగారికి వదలివేసెను. నాగపూరులో పుట్టిన తెలుగు బిడ్డ, రాజు కానివాడు, భారతదేశపు తొలి టెస్టు నాయకుడయ్యెను. ఆ మహారాజు చేసిన త్యాగమును మన వారు తగినంతగా తలంచుకొనరు.

1936లో మరల ఇంగ్లండు ప్రయాణము. ఈమారు నాయకుడు విజ్జీయే. పలుకుబడితో, ధనముతో గెలిచిన పదవి యది. నాయుడుగారు ఆయన క్రింద ఆడవలసివచ్చెను. ఇద్దరును తెలుగువారే, ఒకరు జట్టును పోషించినవారు, ఒకరు జట్టును గెలిపింపగలవారు. జట్టు రెండుగా చీలెను. ఓవల్ టెస్టున ఒక యాటగానికి స్థానము దొరికినది నాయుడుగారిని ఉదయపు ఫలాహారమువేళ అందరియెదుట అవమానించినందులకేనని నేటికిని చెప్పుకొందురు. నాయకునికి తేలిక బంతులు వేయుటకై ఎదుటిజట్టు నాయకునికి బంగారు గడియారము బహుమతిగా పోయినదని మరియొక కథ. కథలలో నిజమెంతయో గాని, ఒక నాయకునిగూర్చి ఇట్టి కథలు పుట్టుటయే చాలును.

అమరనాథుని సంగతి మాత్రము కథ కాదు. ఆ వేసవిలో లాలా అమరనాథు జట్టులో ఉత్తమముగా ఆడుచున్నవాడు. ఎసెక్స్ జట్టుపై రెండు ఇన్నింగ్సులలోను శతకములు కొట్టెను. లార్డ్స్‌లో మైనర్ కౌంటీల జట్టుతో ఆడునప్పుడు, ఆయనను కాళ్లకు ప్యాడ్లు గట్టుకొని సిద్ధముగా నుండుమని చెప్పి, తరువాత ఒకరివెనుక నొకరిగా ఇతరులను పంపిరి. ఆట ముగియవచ్చిన వేళ ఆయనకు పిలుపు వచ్చెను. తిరిగివచ్చిన పిమ్మట దుస్తుల గదిలో సామగ్రిని విసరివైచి పంజాబీలో నాలుగు మాటలనెను. మేనేజరగు మేజరు బ్రిటన్ జోన్స్, నాయకుడు కలసి, మొదటి టెస్టు జరుగకముందే ఆయనను ఓడనెక్కించి యింటికి పంపివేసిరి. ఇంగ్లండులో మన జట్టు పరువు యేమైయుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

మూడు టెస్టులలో రెండు ఓడిరి, ఒకటి సమముగా ముగిసెను. ఆ యొక్క టెస్టు మాంచెస్టరులోనిది. అందు విజయ్ మర్చంటు 114, కాశి మైదానమున తర్ఫీదు పొందిన ముష్తాక్ అలీ 112 పరుగులు చేసిరి. మొదటి వికెట్టునకు 203 పరుగులు వచ్చినవి. మర్చంటును పరుగెత్తించి అవుటు చేయుమని ముష్తాకునకు నాయకుని యానతి యయ్యెనని, ఆ మాటను ముష్తాకే మర్చంటు చెవిని వేయగా ఇద్దరును నవ్వుకొని ఆడిరని చెప్పుకొందురు. ఓవల్‌లో నాయుడుగారు ఎలెన్ బంతి రొమ్ముకు తగిలినను నిలిచి 81 పరుగులు చేసిరి. అదియే ఆయన తుది టెస్టు. నాయకుడు మూడు టెస్టులలో చేసినవి మొత్తము 33 పరుగులు. ఆ పర్యటన నడుచుచుండగనే బ్రిటిషు చక్రవర్తి ఆయనకు సర్ బిరుదమునిచ్చెను.

దేశమున పత్రికలు ఊరకుండలేదు. అమరనాథుని పంపివేయుటపై విచారణకు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమంటు అధ్యక్షతన సంఘమేర్పడెను. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమరనాథుని నిర్దోషిగా తేల్చెను. ఆటగాండ్రను ఎచ్చట నిలుపవలెనో, బౌలింగు ఎప్పుడు మార్చవలెనో నాయకునికి తెలియలేదని స్పష్టముగా చెప్పెను. ఖర్చుపెట్టినవానిని ఒక సభ లెక్కయడుగుట మన క్రికెట్టులో అది తొలిసారి కావచ్చును. విజ్జీ మరల టెస్టు ఆడలేదు.

మరియొకడైనచో అంతటితో మరుగుపడిపోయెడివాడు. కాని ఈయనకు ఆటపైనున్న ప్రేమ నిజమైనది. బ్యాటును వదలిన తరువాతనే ఆయన చేతులకు నైపుణ్యము వచ్చెను. 1947లో సర్ బిరుదమును విడిచెను. జమీందారీలు పోయినవి, విరాళములతో పదవులను పొందు కాలమును పోయెను. ఆయన ఉత్తరప్రదేశమున క్రికెట్టు సంఘమును పెంచి, పెద్దచేసెను. 1952లో బోర్డు ఉపాధ్యక్షుడుగా నుండి, తాను ఓడనెక్కించి పంపిన అమరనాథునే తిరిగి భారతజట్టు నాయకునిగా నిలుపుటకు పాటుపడెను. ఆ శీతకాలమున పాకిస్తానుపై అమరనాథుని జట్టు రెండు టెస్టులు గెలిచి ఒకటి ఓడి, మన దేశమునకు తొలి సిరీసు విజయమును సంపాదించెను. ఈ కార్యమునకు బంగారు గడియారములు అవసరము కాలేదు. 1954నుండి 1957 వరకు ఆయన బోర్డు అధ్యక్షుడు.

నాయుడుగారితో వైరమును కాలము కరగించెను. 1953లో ఆంధ్రజట్టు తొలిసారి రంజీ పోటీలలో దిగినప్పుడు దానికి నాయకుడు ఆ వృద్ధవీరుడే. పిదప 1956-57లో, అరువది యేండ్లు దాటిన వయస్సున, ఆయన చివరి రంజీ ఆటలను విజ్జీ పెంచిన ఉత్తరప్రదేశ్ పక్షముననే ఆడి, తుది పందెమున 52 పరుగులు చేసెను. ఇరువురికిని పద్మభూషణ బిరుదములు వచ్చినవి. నాయుడుగారికి 1956లో, విజ్జీకి 1958లో.

కడపటి యేండ్లలో విజ్జీ రేడియోలో ఆట వర్ణించుచుండెను. ఆ గొంతు మందముగా, తీరికగా సాగెడిది; ఆయన చంపిన పులులన్నియు ఆ వ్యాఖ్యానమును విని నిద్రపోయినవేయని ఆటగాండ్రు హాస్యమాడెడివారు. 1962 ఎన్నికలలో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. చిన్ననాడు విడిచిన తీరమునకు ఓటు అడుగుటకై తిరిగివచ్చినప్పుడు శిస్తుగట్టిన రైతు బిడ్డలే ఆయనకు ఓటర్లు.

1965 డిసెంబరు 2వ తేదీన కాశిలో ఆయన కన్నుమూసెను. అరువది యేండ్లు నిండుటకు ఇంకను ఇరువదియారు దినములుండెను. విజయనగరమున ఆయన పేర ఒక స్టేడియము కలదు. మండలాలవారీగా విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆడు పోటీకి విజ్జీ ట్రోఫీ యని పేరు పెట్టిరి.