గోడే వెంకట జగ్గారావు: వేధశాల, దేశాంతరం

పంచాంగగణితంలో పరిశ్రమ చేసినవారికి దేశాంతర సంస్కారం కొత్త విషయం కాదు. లంక నుండి అవంతి మీదుగా కురుక్షేత్రం వైపు సాగే రేఖను సూర్యసిద్ధాంతం మధ్యరేఖగా స్వీకరించింది. గ్రహమధ్యమాలు ఆ రేఖకు సాధించినవి కనుక దానికి తూర్పున ఉన్న ఊళ్ళకు ఋణసంస్కారమూ, పడమట ఉన్నవాటికి ధనసంస్కారమూ చేస్తారు. ఉజ్జయినికీ విశాఖపట్టణానికీ మధ్య రేఖాంశభేదం సుమారు ఏడున్నర భాగలు. కాలంలో చెప్పాలంటే ఒక ఘడియా పదిహేను విఘడియలు. ఈ అంకెను గ్రంథంలో చూచి వేసికొనడం వేరు, ఆకాశాన్ని చూచి కాలాన్నీ స్థానాన్నీ సాధించడం వేరు. ఆ రెండవ పనికి ఉత్తరాంధ్ర తీరాన ఒక వేధశాలనే నెలకొల్పినవాడు గోడే వెంకట జగ్గారావు.

ఈయన 1817లో జన్మించాడు. గోడేవారు విశాఖపట్టణంలో పేరుపడ్డ జమీందారీ కుటుంబం. శ్రీకాకుళం సమీపంలోని షేర్‌మహమ్మద్‌పురం ఎస్టేటుతో వారికి సంబంధం ఉన్నది. భూవసతి కలిగిన ఇంట పుట్టిన యువకునికి శిస్తులెక్కలు చూచుకొంటూ కాలక్షేపం చేయడానికి ఏ లోటూ లేదు. కాని జగ్గారావు 1834లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, మద్రాసుకు వెళ్ళి అక్కడి ప్రభుత్వ ఖగోళజ్ఞుడు థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద శిష్యత్వం స్వీకరించాడు. తీరం వెంట రైలుమార్గం లేని కాలమది. టేలర్ అప్పుడు నక్షత్రాల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచే బృహత్కార్యంలో నిమగ్నుడై ఉన్నాడు. పదకొండువేల పదిహేను తారలతో ఆ పట్టిక 1844లో వెలువడింది. అట్టి గురువు వద్ద నాలుగేళ్ళు గడిపినవానికి అబ్బేది ముందుగా ఓర్పు. జగ్గారావు 1838లో స్వస్థలానికి తిరిగి వచ్చాడు.

ఆ మద్రాసు వేధశాలను గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. 1792లో నిర్మితమైన ఆ శాలలో యంత్రాన్ని నిలిపిన నల్లరాతి స్తంభం మీద లాటిన్ మొదలైన భాషలతోపాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. భారతదేశపు పటాలన్నింటికీ రేఖాంశాల మూలం ఆ శాలయే. గురుగ్రహపు ఉపగ్రహాలు గ్రహణం పట్టే క్షణాలను గమనించి గోల్డింగ్‌హామ్ మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించాడు. లాంబ్టన్ తన త్రికోణ సర్వేలో రేఖాంశాలను మద్రాసు నుండే లెక్కించాడు. సర్వే పటాలు స్వీకరించిన మద్రాసు రేఖాంశంలో దాదాపు రెండున్నర కలల దోషం ఉన్నట్లు తంతిసాయంతో కాలాలను పోల్చిన తరువాత స్థిరపడింది. అది నేలమీద నాలుగు కిలోమీటర్లకు మించిన దూరం. మద్రాసుతో ముడిపడిన ప్రతి ఊరూ పటంలో అంత దూరమూ పక్కకు జరిగి కూర్చున్నదన్నమాట. కొలతలో తప్పు లేదు, కొలత మొదలైన చోటే తప్పు.

1840లో జగ్గారావు విశాఖపట్టణంలోని డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. వేధశాలకు మొదటి బాధ్యత తాను నిలిచిన బిందువును తాను తెలిసికొనడం. అక్షాంశం విషయంలో మనవారికి చిక్కు లేదు. విషువద్దినాన మధ్యాహ్నం పన్నెండంగుళాల శంకువు వేసే నీడయే పలభ. శ్రీకాకుళంలో అది ఇంచుమించు నాలుగంగుళాలు. దాని నుండి పద్ధెనిమిది భాగల పైచిలుకు అక్షాంశం వస్తుంది. యంత్రంతో ధ్రువనక్షత్రపు ఉన్నతిని కొలిస్తే వికలల దాకా సూక్ష్మత సిద్ధిస్తుంది. చిక్కంతా రేఖాంశంతోనే. భూమి నాలుగు నిమిషాలకు ఒక భాగ తిరుగుతుంది కనుక రెండు ఊళ్ళ స్థానికకాలాల భేదమే వాటి రేఖాంశభేదం. విశాఖపట్టణపు కాలం మద్రాసు కాలానికి సుమారు పన్నెండు నిమిషాలు ముందుంటుంది. గడియారంలో ఒక్క సెకను తప్పితే పదిహేను వికలల దోషం వస్తుంది, ఊరు పటంలో దాదాపు 440 మీటర్లు కదలిపోతుంది. సంపూర్ణ చంద్రగ్రహణం గణితానికి వచ్చిన వేళను, కంటికి కనిపించిన వేళతో పోల్చి దేశాంతరం తెలిసికొనే ఉపాయం సూర్యసిద్ధాంతంలో ఉన్నది. సిద్ధాంతం నిర్దోషమే. కాని భూచ్ఛాయ అంచు మసకగా ఉండటం వల్ల స్పర్శక్షణాన్ని నిమిషానికి లోపుగా పట్టుకొనడమే కష్టం, ఇక సెకనుకు ఆశే లేదు. తారలు యామ్యోత్తర వృత్తాన్ని దాటే క్షణాన్ని దూరదర్శినిలోని తీగతో పట్టే పద్ధతి ఆ లోపాన్ని తీర్చింది.

ఈ కాలజ్ఞానం డాబాగార్డెన్స్ గోడల మధ్యనే నిలిచిపోలేదు. సముద్రంలోనికి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండమీది జెండాతోనూ, తరువాత ఫిరంగిమోతతోనూ ఆ వేధశాల నగరానికీ ఓడలకూ కాలాన్ని తెలియజేసింది. నావికుడు తన కాలమాపకాన్ని రేవులో సరిచూచుకొనకుండా నడిసముద్రంలోకి పోతే తప్పిన ప్రతి సెకనూ అతణ్ణి తీరానికో, తీరం నుండి దూరానికో నెడుతుంది. జమీందారులు గుళ్ళకూ సత్రాలకూ దానాలు చేసిన ఉదాహరణలు మన ప్రాంతంలో కోకొల్లలు. కాలాన్ని దానం చేసిన కుటుంబం మాత్రం అరుదు.

జగ్గారావు 1856లో, నలభై ఏళ్ళయినా నిండకుండానే మరణించాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వేధశాల భారం వహించాడు. 1868లో బుధగ్రహమూ, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహమూ సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని పరిశీలించి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి నివేదించాడు. ఆయన 1892లో గతించగా 1894లో వేధశాల మద్రాసు ప్రభుత్వపరమైంది.

జగ్గారావు గతించిన ఆరేళ్ళకు త్రికోణ సర్వేవారు ఈ సీమకు వచ్చారు. 1862–63లో జేమ్స్ బసేవీ విశాఖపట్టణ ఆధారరేఖను కోల్బీ కడ్డీలతో కొలిచాడు. దేశం మొత్తానికి ఉన్న పది ఆధారరేఖలలో ఇది ఒకటి. వేధశాల ఆకాశాన్నిబట్టి స్థానం చెబితే, ఆధారరేఖ నేలనుబట్టి దూరం చెప్పింది. రెండూ కలిసినా ఒక సమస్య మిగిలింది. గోళం మీది బిందువులను చదునైన కాగితంమీదికి దించడమెట్లా? దీనికే ప్రక్షేపమని పేరు. సిద్ధాంతులు స్ఫుటభూపరిధి పేరిట ఈ చిక్కును ఏనాడో గుర్తించారు. భూపరిధిని లంబజ్యతో గుణించి త్రిజ్యతో భాగిస్తే ఆ అక్షాంశంలోని వృత్తపు చుట్టుకొలత వస్తుంది. విషువరేఖమీద అది 40,075 కిలోమీటర్లు, శ్రీకాకుళం వద్ద 38 వేల చిల్లర. నావికులు వాడే మెర్కేటర్ పటంలో ఉత్తరదక్షిణ రేఖలు కలియకుండా సమాంతరంగా సాగుతాయి. కనుక శ్రీకాకుళ తీరం నూటికి అయిదు వంతులు, అరవై భాగల అక్షాంశంలోని దేశం రెండింతలు సాగి కనిపిస్తాయి. అయినా కోణాలు చెడవు, దిక్సూచికి కావలసింది అదే. సర్వేవారు ప్రతి అక్షాంశానికీ ఒక శంకువును టోపీలాగ తొడిగినట్లు భావించి గీసే బహుశంకు ప్రక్షేపాన్ని ఎన్నుకొన్నారు. ఏ పద్ధతిలోనైనా ఏదో ఒక గుణాన్ని వదులుకొనక తప్పదు. వైశాల్యం, కోణం, దూరం మూడూ ఒకేచోట చిక్కవు.

2005 నాటి జాతీయ పటవిధానం తరువాత ప్రజలకిచ్చే సర్వే పటాలు ఆరేసి భాగల మండలాలుగా భూమిని కోసి, ప్రతి మండలాన్నీ మీటర్ల గడులతో నింపే పద్ధతిని అనుసరిస్తున్నాయి. 44వ మండలం 78 నుండి 84 భాగల వరకు, 45వది అక్కడి నుండి. ఈ 84వ రేఖ శ్రీకాకుళం పట్టణానికి తూర్పున పది పన్నెండు కిలోమీటర్ల దూరాన జిల్లాను నిలువునా కోస్తుంది. పాత సర్వే పటాలలోనూ 65, 74 సంఖ్యల పటాలు విడిపోయేది ఈ రేఖమీదనే. విజయనగరం, శ్రీకాకుళం, షేర్‌మహమ్మద్‌పురం ఒకవైపు, కళింగపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మరొకవైపు పడ్డాయి. మండల మధ్యరేఖకు అయిదు లక్షల మీటర్ల విలువనిచ్చి తూర్పుదూరాన్ని లెక్కిస్తారు కనుక, ఆ రేఖను దాటే బాటసారి తూర్పుదూరం సుమారు 8,17,000 నుండి ఒక్క అడుగులో 1,83,000కు పడిపోతుంది. మద్రాసు నుండి లెక్కించినా, ఉజ్జయిని నుండి లెక్కించినా ఆ అడుగుకింది నేల మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.