డ్యూక్ ఎలింగ్టన్: మనిషి మనిషికీ విడిగా సంగీతం రాసిన పియానిస్టు

కొన్ని నెలలుగా తీరిక దొరికినప్పుడల్లా జాజ్ పియానో వింటున్నాను. ఆర్ట్ టేటమ్ వేళ్ల వేగం, థెలోనియస్ మంక్ స్వరానికీ స్వరానికీ మధ్య వదిలే ఖాళీ, ఒక్కొక్కరిదీ ఒక్కో అందం. అందరిలోకీ నేను ఎక్కువగా విన్నది డ్యూక్ ఎలింగ్టన్‌ని. ఆయన జీవితం చదివితే పియానో గురించి ఎంత తెలుస్తుందో, పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నదీ అంతే తెలుస్తుంది. అందుకే ఈ నెల ఆయన కథ.

జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల మధ్య పుట్టిన సంగీతం. పాట వరుస ముందే అందరికీ తెలుస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని వాయించేవారు అప్పటికప్పుడు కొత్తగా అల్లుకుంటూ పోతారు. మన కచేరీల్లో మనోధర్మం, కల్పనస్వరాలు విన్నవారికి ఈ పద్ధతి మరీ కొత్తగా అనిపించదు.

క్లాసులు ఎగ్గొట్టిన పిల్లవాడు

ఎడ్వర్డ్ కెనెడీ ఎలింగ్టన్ 1899 ఏప్రిల్ 29న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి ఒక డాక్టరు గారింట్లో పనిచేసేవాడు. తల్లి డైసీ కొడుకుని ఎంతో అపురూపంగా పెంచింది. ఇద్దరికీ పియానో వచ్చు. ఏడెనిమిదేళ్ల వయసులో కొడుకుని పియానో టీచరు దగ్గర చేర్పించారు. అతను వెళ్లిన క్లాసుల కంటే ఎగ్గొట్టినవే ఎక్కువ. మనసంతా బేస్‌బాల్ మీదే. ఆటలు చూడటం కోసం మైదానంలో వేరుశనగలు కూడా అమ్మాడు. నీటుగా తయారై, మర్యాదగా మాట్లాడేవాడు కాబట్టి స్నేహితులు డ్యూక్ అని పేరు పెట్టారు. అంటే జమీందారు లాంటి బిరుదు. అదే స్థిరపడిపోయింది.

సుమారు 14 ఏళ్ల వయసులో ఊళ్లోని ఒక బిలియర్డ్స్ హాలుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఊళ్లోని మంచి పియానిస్టులంతా అక్కడ చేరేవారు. వారిలో సంగీతం చదువుకున్నవారూ ఉన్నారు, చెవితోనే పట్టుకున్నవారూ ఉన్నారు. మన పక్కనున్న కూచిపూడిలో పిల్లలు పెద్దల అడుగులు చూసి నేర్చుకున్నట్టే అతను వాళ్ల వేళ్లు చూస్తూ నేర్చుకున్నాడు. సోడా, ఐస్‌క్రీమ్ అమ్మే కొట్లో పనిచేస్తున్న రోజుల్లోనే తన మొదటి బాణీ కట్టాడు. దానికి సోడా ఫౌంటెన్ రాగ్ అని పేరు.

ఆ రోజుల్లో తమంతట తామే మోగే పియానోలు ఉండేవి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట లోపల తిరుగుతుంటే మెట్లు వాటంతటవే కిందికి దిగేవి. జేమ్స్ పి. జాన్సన్ అనే గొప్ప పియానిస్టు వాయించిన ఒక చుట్టను ఎలింగ్టన్ నెమ్మదిగా తిప్పి, దిగిన ప్రతి మెట్టు మీదా తన వేలు పెట్టి నేర్చుకున్నాడు. అలా అవసరం తెలిశాక గురువులను తనే వెతుక్కుని వెళ్లాడు. డాక్ పెర్రీ స్వరాలు చదవడం నేర్పాడు. హెన్రీ గ్రాంట్ అనే స్కూలు టీచరు స్వరాల కూర్పు శాస్త్రం చెప్పాడు. బొమ్మలు కూడా బాగా వేసేవాడు. న్యూయార్క్‌లోని పెద్ద కళాశాలలో చిత్రకళ చదవడానికి స్కాలర్‌షిప్ వచ్చినా, సంగీతమే కావాలని వదులుకున్నాడు.

పేర్లు రాసిన కాగితాలు

1923లో న్యూయార్క్ చేరాడు. 1927 డిసెంబరు 4న కాటన్ క్లబ్‌లో ఆయన బృందం వాయించడం మొదలుపెట్టింది. వేదిక మీద అందరూ నల్లజాతివారే, చూడటానికి మాత్రం తెల్లవారికే ప్రవేశం. అక్కడి నుంచి వచ్చే రేడియో ప్రసారాల వల్ల ఆయన పేరు దేశమంతా తెలిసింది.

ఆయన బృందంలో బబ్బర్ మైలీ ట్రంపెట్‌ను, ట్రికీ శామ్ నాంటన్ ట్రాంబోన్‌ను మనిషి గొంతులా గుర్రుమనిపించేవారు. అందుకు వాడింది సింకులో అడ్డుపడిన నీళ్లు పోవడానికి వాడే రబ్బరు కప్పు. మరొకరైతే శుభ్రంగా వాయించమని గద్దించేవారేమో. ఎలింగ్టన్ ఆ గుర్రుమనే శబ్దాన్నే నడుమ పెట్టి బాణీలు కట్టాడు. స్వరాలు రాసుకునే కాగితం మీద ఫలానా వాయిద్యం అని కాకుండా వాయించే మనిషి పేరు రాసేవాడు. రెండు శాక్సోఫోన్లు ఉన్నా ఆ ఇద్దరి ఊపిరీ ఒకటి కాదని ఆయన చెవికి తెలుసు.

1940లో ట్రంపెట్ వాద్యకారుడు కూటీ విలియమ్స్ కోసం ఆయన పేరుతోనే ఒక రచన చేశాడు. ఆ ఏడాదే కూటీ వెళ్లిపోయాడు. ఆ స్థానంలో వచ్చిన రే నాన్స్‌కు వయొలిన్, పాట కూడా వచ్చు. అవన్నీ బృందం సంగీతంలో చేరాయి. హ్యారీ కార్నీ 17 ఏళ్ల కుర్రవాడిగా 1927లో చేరి 47 ఏళ్లు ఉండిపోయాడు. 1939లో వచ్చిన బిల్లీ స్ట్రేహార్న్ ఆయనతో సమానంగా సంగీతం రాశాడు. బృందానికి గుర్తింపు పాటగా నిలిచిన టేక్ ది ఏ ట్రెయిన్ స్ట్రేహార్న్‌దే.

ఇదంతా సుఖంగా సాగలేదు. అమెరికా దక్షిణాదిలో నల్లజాతివారికి హోటల్లో గది ఇచ్చేవారు కాదు. అందుకని 1930లలో బృందం తమ సొంతానికి రైలు పెట్టెలు అద్దెకు తీసుకుని వాటిలోనే నిద్రపోయేది. 1950ల మొదట్లో జనం అభిరుచి మారి పెద్ద బ్యాండ్లు చాలావరకు మూతపడ్డాయి. ఎలింగ్టన్ తన పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బుతో జీతాలిస్తూ బృందాన్ని నిలబెట్టుకున్నాడు. 1956 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో పాల్ గొన్సాల్వెస్ శాక్సోఫోన్ మీద వరుసగా 27 ఆవర్తాలు వాయిస్తే జనం లేచి నాట్యం చేశారు. బృందానికి మళ్లీ మంచి రోజులొచ్చాయి.

మన దేశంలో

1963లో అమెరికా ప్రభుత్వం తరఫున ఆయన బృందం మన దేశానికి వచ్చి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు వంటి నగరాల్లో వాయించింది. మన గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారు అప్పుడు మద్రాసులోనే ఉన్నారు. ఆయన సంగీతం చేసిన లవకుశ విడుదలైంది ఆ ఏడాదే. ఢిల్లీలో ఒక గోరింక కూత స్ట్రేహార్న్ చెవిన పడింది. దాన్ని క్లారినెట్ మీదికి తెచ్చి బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ రాశారు. మన పెరట్లో రోజూ అరిచే గోరింక పాట అలా ఫార్ ఈస్ట్ సూట్ అనే ప్రసిద్ధ ఆల్బమ్‌లో చేరింది.

1965లో న్యాయనిర్ణేతలు ఎలింగ్టన్‌కు పులిట్జర్ ప్రత్యేక గౌరవం ఇవ్వమంటే బోర్డు ఒప్పుకోలేదు. ముగ్గురిలో ఇద్దరు రాజీనామా చేశారు. ఆయన మాత్రం ఊరూరా వాయిస్తూనే ఉన్నాడు. 1974 మే 24న 75వ ఏట కన్నుమూశాడు. ఘంటసాల గారు పోయిందీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. పులిట్జర్ ప్రత్యేక గౌరవం ఎలింగ్టన్ శతజయంతి అయిన 1999లో దక్కింది.

తరగతిలో అందరికీ ఒకే యూనిఫాం, ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం. అది తప్పదు. కానీ ప్రోగ్రెస్ కార్డులోని అంకెలు పిల్లవాడు ఎక్కడున్నాడో చెబుతాయి గానీ, ఎలాంటివాడో చెప్పవు. గుర్రుమనే ట్రంపెట్‌లాంటి పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కులతో పాటు, మా అబ్బాయి దేనిలో లీనమైపోతాడు, మా అమ్మాయి ఏం చేసేటప్పుడు టైమ్ మర్చిపోతుంది అని కూడా మమ్మల్ని అడగండి. మీరు ఇంట్లో గమనించింది మాకూ చెప్పండి.

ఈ నెల పిల్లలతో కలిసి ఈ మూడూ వినండి: టేక్ ది ఏ ట్రెయిన్, బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ, 1962లో ఎలింగ్టన్ పియానో మరో ఇద్దరితో మాత్రమే వినిపించే మనీ జంగిల్. రెండోది వినేటప్పుడు గోరింక ఎక్కడ కూసిందో పిల్లలనే కనిపెట్టమనండి.